అసలుకు రెట్టింపు కట్టినవాడు

కోస్తా జిల్లాల్లో నోటు రాయించుకునే పద్ధతి తెలియని పెద్దవాళ్లు తక్కువ. అప్పు తీసుకునేవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, మొత్తం, నెలకు నూటికి ఇన్ని రూపాయల వడ్డీ, కోరినప్పుడు చెల్లించి చెల్లు రాయించుకుంటాననే మాట. కింద రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, పక్కన సాక్షులు, చివర దస్తూరి. ఈ కాగితానికి మూడేళ్ల ఆయుష్షు. మధ్యలో వెనకవైపు చెల్లు పడక, నోటూ తిరగరాయకపోతే కాలదోషం పడుతుంది. అందుకే మూడో ఏడు నిండకముందే అప్పిచ్చినవాడు కబురు పెడతాడు.

తెలుగు రైతు అప్పుల చరిత్రంతా ఈ తిరగరాయడంలోనే ఇమిడి ఉందని నేను నమ్ముతాను. వెయ్యి రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నాడనుకోండి. మూడేళ్లకు వడ్డీ 720. పాత నోటు పోయి 1,720కి కొత్త నోటు వస్తుంది. ఇప్పుడు అదే అసలు. ఇంకో మూడేళ్లకు 2,958, తొమ్మిదో ఏడు ముగిసేసరికి 5,088. అదే బారు వడ్డీ అయితే తొమ్మిదేళ్లకు 3,160 దాటదు. చేతికి వచ్చింది మాత్రం ఎప్పుడో తీసుకున్న ఆ వెయ్యే. కాబట్టి ఎవరైనా అప్పులోంచి బయటపడాలంటే ముందు తేలవలసిన సంగతి ఒక్కటే, అసలు ఎంత? మన నేల మీద ఈ ప్రశ్నను చట్టం ఏ కాలంలో అడిగిందో, ఏ కాలంలో అడగడం మానేసిందో చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

పాత ధర్మశాస్త్రాలకు ఈ ప్రశ్న బాగా తెలుసు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మామూలు అప్పుకు నెలకు నూటికి పణం పావు వడ్డీని న్యాయమంది. మన లెక్కలో రూపాయి పావలా వడ్డీ. వ్యాపారులకు, అడవుల్లో తిరిగేవారికి, సముద్రం మీద వెళ్లేవారికి అంతకంతకూ ఎక్కువ రేటు ఒప్పుకుంది. మనుస్మృతి ఇంకో హద్దు గీసింది. రొక్కం అప్పు మీద ఒకేసారి వసూలు చేసే మొత్తం అసలుకు రెట్టింపు దాటకూడదు. ధాన్యానికి మాత్రం ఐదు రెట్ల దాకా వదిలింది. గింజలు అప్పు తెచ్చుకునే పేదవాడికి ఆ శాస్త్రంలోనూ రక్షణ తక్కువే. ఈ రెట్టింపు హద్దునే తర్వాతి న్యాయస్థానాలు 'దామ్‌దుపట్' అన్నాయి.

ఇంగ్లీషు పాలనలో ఆ హద్దు చెదిరింది. 1855లో వచ్చిన 28వ చట్టం వడ్డీ మీద ఉన్న పరిమితులను ఎత్తేసింది. ఇద్దరూ ఒప్పుకున్న రేటు ఎంతైనా కోర్టు డిక్రీ ఇస్తుంది. బొంబాయి రాజధానిలో, కలకత్తా నగరంలో దామ్‌దుపట్ నిలిచింది కానీ మద్రాసు రాజధాని కోర్టులు దాన్ని పాటించలేదు. అంటే సర్కారు జిల్లాల రైతుకూ రాయలసీమ రైతుకూ వడ్డీకి పైకప్పే లేకుండా పోయింది. అదే సమయంలో శిస్తు రొక్కంగా, గడువులోగా కట్టాలి. పంట అమ్ముడుపోకముందే కిస్తీ వచ్చేది. భూమి పట్టా అప్పుకు పూచీ అయింది, కోర్టు డిక్రీ ఆ భూమిని వేలానికి తెచ్చే దారి అయింది.

ఎంత అప్పు పేరుకుందో లెక్క కట్టినవాళ్లున్నారు. 1895లో ఫ్రెడరిక్ నికల్సన్ తన నివేదికలో మద్రాసు రాజధాని గ్రామీణ రుణాన్ని 45 కోట్ల రూపాయలుగా అంచనా వేశాడు. జర్మనీలో రైఫైసన్ నడిపిన పరపతి సంఘాల వంటివి ఇక్కడా రావాలన్నది ఆయన సలహా. 1904 సహకార పరపతి చట్టానికి ఆ నివేదిక దారి వేసింది. 1930 నాటికి బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా 150 కోట్లు. 1935లో సత్యనాథన్ నివేదిక దాన్ని 200 కోట్లు చేసింది. ఈ చివరి పెరుగుదలకు రైతు దుబారా కారణం కాదు. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కూలిపోయింది. నోటు మీద అంకె అలాగే ఉంది, దాన్ని తీర్చడానికి అమ్మవలసిన బస్తాలు మాత్రం పెరిగాయి. వడ్డీ కూడా కట్టలేనివాళ్లు నోట్లు తిరగరాసిచ్చారు.

అప్పట్లో ఓపికగా, కట్టి తీరే దారి ఒకటి ఉండేది. భూమి తనఖా బ్యాంకులు. 1929లో మద్రాసులో వీటి కేంద్ర బ్యాంకు ఏర్పడింది. డిబెంచర్లు అమ్మి సొమ్ము కూడబెట్టి, తక్కువ వడ్డీకి చాలా ఏళ్ల వాయిదాలతో అప్పిచ్చేవి, ముఖ్యంగా పాత అప్పులు తీర్చడానికే. ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీ అప్పుతో మార్చి, ఏటా కొంత అసలు తరిగేలా చేయడం. ఈనాటి ఆర్థిక సలహాదారులు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పే ఉపాయం అదే. కానీ పట్టా చూపించగలిగినవాడికే ఆ గడప తెరిచి ఉండేది. అంత ఆస్తి లేనివాడికి మిగిలింది ఐపీ. 1907లో, ఆ పైన 1920లో వచ్చిన ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టాల కింద కోర్టులో వేసే దివాలా పిటిషన్ అది. 'ఐపీ పెట్టాడు' అనే మాట పల్లెల్లో తిట్టుగా స్థిరపడింది. చట్టం రక్షణగా ఇచ్చిన దాన్ని ఊరు అవమానంగా చూసింది.

అసలు మలుపు 1938లో వచ్చింది. రాజాజీ మంత్రివర్గం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం ఆ ఏడు మార్చి 22న అమల్లోకి వచ్చింది. ప్లీడర్ల నోట అది ఇప్పటికీ '38 నాటి నాలుగో చట్టం'. దాని ఎనిమిదో సెక్షన్‌ను నేను ఎన్నిసార్లు చదివినా గౌరవం కలుగుతుంది. 1932 అక్టోబరు 1కి ముందు తీసుకున్న అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ అంతా రద్దు. వడ్డీగా గానీ అసలుగా గానీ మొత్తం మీద అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టి ఉంటే అప్పు మొత్తం తీరినట్టే. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా మొదట చేతికి ఇచ్చిన సొమ్మే అసలు. ఇక ముందు రూపాయికి నెలకు ఒక పై, పాత నాణేల లెక్కన ఏడాదికి ఆరుంబావు శాతం, అదీ బారు వడ్డీ. మద్రాసు కోర్టులు పక్కన పెట్టిన దామ్‌దుపట్ ఎనభై మూడేళ్లకు వెనక్కి వచ్చింది.

చిక్కు ఋజువులో ఉంది. నోటు తిరగరాసినప్పుడు పాత నోటు చించేయడం మర్యాద. రైతు తన కళ్లముందే అది ముక్కలవుతుంటే సంతోషించేవాడు. తీరా కోర్టుకు వెళ్తే మొదటి అసలు ఎంతో చెప్పే సాక్ష్యం ఆ ముక్కలతోనే పోయింది. షావుకారు ఖాతా పుస్తకాలు తెప్పించమని అడగగలిగే వకీలు దొరికినవాడు బయటపడ్డాడు. భూమే లేని కూలీ ఈ చట్టం దృష్టిలో వ్యవసాయదారుడు కాడు. తొలి సహాయం అంతా పట్టాదారు చుట్టూనే ఆగింది.

నిజాం రాజ్యంలో సంగతి వేరు. తెలంగాణ పల్లెల్లో నాగు అప్పులుండేవి. వానాకాలంలో తెచ్చిన గింజలకు పంట మీద సగం కలిపి కొలవాలి. తీర్చలేని మనిషి, అతని కొడుకు దొర ఇంట భగేలాగా, అంటే అప్పుకు కట్టుబడిన పాలేరుగా కుదిరిపోయేవారు. 1936లో భగేలా ఒప్పందాల మీద నియంత్రణ వచ్చినా దేవిడీ గోడలు దాటలేదు. 1946 నుంచి 51 దాకా సాగిన సాయుధ పోరాటంలో ఊళ్లు ఆ పని తామే చేసుకున్నాయి. అప్పు పత్రాలు బయటికి తెచ్చి కాల్చారు. కోస్తాలో కోర్టు లెక్క అడిగితే ఇక్కడ లెక్కే బూడిద చేశారు. వెట్టిగా బతికిన మనిషికి ఏ అసలు మిగిలి ఉంటుంది? ఆ మంటను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది మాత్రం 1976లో. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ రుణ విమోచన చట్టం చిన్న రైతుల, కూలీల, చేతివృత్తులవారి ప్రైవేటు అప్పులను రద్దు చేసి, తాకట్టు వస్తువులు వెనక్కి ఇమ్మంది.

ఆ తర్వాత బ్యాంకు అప్పుల కాలం, మాఫీల కాలం. 1990లో పది వేల దాకా, 2008లో రెండు హెక్టార్లలోపు రైతుల బకాయిలు మొత్తం, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర, తెలంగాణలో లక్ష, 2024లో తెలంగాణలో రెండు లక్షలు. వీటివల్ల ఊపిరి తీసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ మాఫీ అసలెంత, వడ్డీ ఎంత అని అడగదు. ఒక తేదీ నాటికి బ్యాంకులో కనిపించే బకాయిని చూస్తుంది. నోటు మీద తెచ్చిన అప్పు ఆ జాబితాలో ఉండదు. 2014లో సొమ్ము విడతలుగా రావడంతో మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంది. రైతులు ఒకటి రెండు రోజులకు బయట చేబదులు తెచ్చి బ్యాంకు అప్పు రెన్యువల్ చేయించుకున్నారు. అదీ నోటు తిరగరాయడమే.

రెట్టింపు హద్దు మళ్లీ ఒకసారి కనిపించింది, ఈసారి ఆడవాళ్ల కోసం. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకు రూపాయి పొదుపుతో సంఘాలు పెరిగాయి, బ్యాంకులు అప్పిచ్చాయి, 2004 తర్వాత పావలా వడ్డీ మాట వచ్చింది. ఆ సంఘాల మీదే సూక్ష్మరుణ కంపెనీలు వచ్చి వాలాయి. వారం వారం వాయిదా, ఒక కంపెనీకి కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు, ఇంటి ముందు బైఠాయింపులు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్స్, దాని వెంట వచ్చిన చట్టం ఏమన్నాయంటే, వడ్డీ అసలును మించకూడదు, రెట్టింపు కట్టి ఉంటే అప్పు తీరినట్టే. నాలుగో చట్టం రాసినవాళ్లు చదివితే తమ వాక్యాన్ని గుర్తుపట్టేవాళ్లు. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని తేల్చింది.

2019లో జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం వ్యవసాయ కుటుంబాలకు అప్పుంది. దేశం మొత్తం మీద అది సగమే, 50.2. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద సగటు అప్పు రెండున్నర లక్షలకు దగ్గర. పట్టాదారు పాసుపుస్తకం యజమాని పేరు మీద ఉంటుంది కనుక పంట రుణమూ, మాఫీ వస్తే మాఫీ కూడా చాలాచోట్ల అతనికే చేరుతాయి. పొలం దున్నే కౌలు రైతు ఎరువుల కొట్టులోనో, ఊళ్లో ఇంకొకరి దగ్గరో నోటు రాస్తాడు. మూడేళ్లు నిండేలోపు కబురు వస్తుంది. వెళ్లి, వడ్డీ కలిపిన కొత్త అంకె కింద సంతకం పెట్టి, చించిన పాత నోటు చేతిలో పట్టుకుని ఇంటికి వస్తాడు.