పిల్లి చిమ్ముడుకు మందు: పుట్టుపూర్వోత్తరాలు

పెంపుడు పిల్లి ఇంట్లో గోడలకు, తలుపులకు, సోఫా పక్కలకు మూత్రం చిమ్మే అలవాటును మందులతో తగ్గించే ప్రయత్నానికి సుమారు అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. ఈ కాలంలో పశువైద్యులు మొదట హార్మోన్లను, తర్వాత మనుషులకు ఆందోళన తగ్గించే మాత్రలను, చివరికి దిగులు జబ్బుకు ఇచ్చే మందులను వాడి చూశారు. మందు మారిన ప్రతిసారీ, పిల్లి ఎందుకు చిమ్ముతోందన్న అవగాహన కూడా మారింది. అది గండుపిల్లి మగతనం అనుకున్న రోజుల్లో హార్మోన్లు ఇచ్చారు. దాని వెనక బెదురు, కలత ఉన్నాయని తెలిశాక వాటిని నెమ్మదింపజేసే మందులకు వచ్చారు.

పోయడం వేరు, చిమ్మడం వేరు

మూత్రం పోయడానికి పిల్లి ఇసుక గోకి, చిన్న గుంట చేసి, దాని మీద వంగి కూర్చుంటుంది. పని అయ్యాక మట్టి కప్పెడుతుంది. చిమ్మేటప్పుడు అది కూర్చోదు. గోడకో, కుర్చీ కాలుకో వీపు తిప్పి నిలబడి తోక నిటారుగా లేపుతుంది. తోక సన్నగా వణుకుతుంది. వెనక కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నచోటనే నేలను తొక్కుతాయి. ఆ క్షణంలో కొద్దిపాటి మూత్రం వెనక్కి చిమ్మి, గోడ మీద ఇంచుమించు జానెడు ఎత్తున పడి ధారగా కిందికి కారుతుంది. పిల్లి దాన్ని కప్పెట్టే ప్రయత్నం చేయకుండా అక్కడి నుంచి వెళ్లిపోతుంది. నేల మీద మడుగు కట్టిందా, గోడ మీద ధార కారిందా అన్న తేడాయే రోగ నిర్ధారణకు తొలి ఆధారం.

చిమ్ముడు రోగం కాదు. పెంపుడు పిల్లికి పూర్వీకురాలైన ఆఫ్రికా అడవిపిల్లి ఒంటరిగా వేటాడుతూ బతికే జంతువు. మరో పిల్లికి ఎదురుపడి పోట్లాడే బదులు, తాను తిరిగే చోట వాసన వదిలి వెళ్లడం దాని పద్ధతి. ఆ వాసన మూలాన్ని వెతుకుతూ 1953లో వెస్టాల్ అనే శాస్త్రవేత్త పిల్లి మూత్రం నుంచి గంధకం ఉన్న కొత్త అమినో ఆమ్లాన్ని వేరుచేశాడు. పిల్లి జాతి పేరు మీద దానికి ఫెలినిన్ అని పేరు వచ్చింది. అది విచ్ఛిన్నమైనప్పుడు పుట్టే గంధక పదార్థాలే ఆ ఘాటుకు కారణం. దాని తయారీలో కాక్సిన్ అనే ప్రొటీనుకు భాగం ఉందని ఈ శతాబ్దం మొదట్లో జపాన్ పరిశోధకులు కనుక్కున్నారు. గండుపిల్లి మూత్రంలో ఫెలినిన్ ఎక్కువ, వృషణాలు తీసేశాక బాగా తక్కువ. అందుకే చిమ్ముడుకు తొలి చికిత్సగా మందు కాక శస్త్రచికిత్స నిలిచింది.

శస్త్రచికిత్స తర్వాత మిగిలినవి

ఈ చరిత్రలో ఎక్కువ భాగం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్య కళాశాల చుట్టూ తిరుగుతుంది. అక్కడి ఆచార్యుడు బెంజమిన్ హార్ట్ జంతువుల ప్రవర్తనను పశువైద్యంలో ఒక శాఖగా నిలబెట్టినవారిలో ఒకరు. వయసొచ్చిన గండుపిల్లులకు వృషణాలు తీసేస్తే పోట్లాట, తిరుగుడు, చిమ్ముడు ఎంత తగ్గుతాయో ఆయన బృందం 1973లో లెక్కగట్టింది. చిమ్ముడు దాదాపు పదింట తొమ్మిది పిల్లుల్లో తగ్గింది లేదా పూర్తిగా ఆగింది.

1984లో వచ్చిన మరో అధ్యయనం కథ అక్కడితో ముగియలేదని చూపింది. ఈడు రాకముందే శస్త్రచికిత్స అయిన పిల్లుల్లో కూడా మగవాటిలో సుమారు 10 శాతం, ఆడవాటిలో సుమారు 5 శాతం పెద్దయ్యాక చిమ్ముతున్నాయి. అంటే హార్మోన్లు ఈ అలవాటుకు బలం ఇస్తాయి గానీ, అవి లేనంత మాత్రాన అలవాటు పుట్టకుండా పోదు. మందుల అవసరం వచ్చింది ఈ మిగిలిన పిల్లుల కోసమే. ఆ అవసరం చిన్నది కాదు. ఇల్లు పాడుచేస్తుందన్న కారణంతో పిల్లిని వదిలించుకునే యజమానులు ఎక్కడైనా ఉన్నారు. అమెరికాలో అలా ఆశ్రయ కేంద్రాలకు చేరి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లులు ఎన్నో.

హార్మోన్ల కాలం

1970లలో, 1980లలో చేతికి అందిన మందులు ప్రొజెస్టిన్లు, అంటే గర్భధారణ హార్మోను ప్రొజెస్టిరాన్‌ను పోలిన కృత్రిమ పదార్థాలు. వీటిలో మెజెస్ట్రాల్ అసిటేట్‌ను మాత్రగాను, మెడ్రాక్సీప్రొజెస్టిరాన్‌ను ఇంజెక్షన్‌గాను ఇచ్చేవారు. మగ హార్మోనును అణచడంతోపాటు మెదడును కొంత నెమ్మదింపజేయడం వీటి గుణం. వృషణాలు లేని పిల్లి మీద పనిచేసేది ఈ రెండో గుణమే.

1980లో హార్ట్ ప్రచురించిన ఫలితాల ప్రకారం ఈ మందులు మొత్తం మీద మూడో వంతు పిల్లుల్లోనే ఫలించాయి. మగవాటిలో ఫలితం మెరుగు, ఆడవాటిలో బాగా తక్కువ. చెల్లించాల్సిన మూల్యం మాత్రం పెద్దది. పిల్లులు లావెక్కేవి. కొన్నింటికి చక్కెర వ్యాధి వచ్చేది. రొమ్ము గ్రంథులు వాచేవి, కొన్నిసార్లు కణుతులు పుట్టేవి. అడ్రినల్ గ్రంథుల పని కుంటుపడేది. ఇవేవీ ఫలించని పిల్లులకు, వాసన సంకేతాలను మెదడుకు చేర్చే నాడీ మార్గాన్ని కోసివేసే శస్త్రచికిత్సను కూడా 1980ల మొదట్లో డేవిస్‌లో ప్రయత్నించారు. అంతటి పనికి వైద్యులు సిద్ధపడ్డారంటే మంచి మందు కోసం ఎంత ఎదురుచూశారో అర్థమవుతుంది.

డయాజిపామ్: వెలుగు, నీడ

హోఫ్‌మన్-లా రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ రూపొందించిన డయాజిపామ్ 1963లో వేలియం పేరుతో మనుషుల కోసం మార్కెట్‌కు వచ్చింది. మెదడులో నాడుల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనానికి ఇది బలం చేకూరుస్తుంది. చిమ్ముడుకు దీన్ని వాడటంలో ఒక కొత్త ఆలోచన ఉంది. పిల్లి చిమ్మేది మగతనం వల్ల కాదని, ఆందోళన వల్లనని భావించి ఇచ్చిన మందు ఇది.

1992లో కూపర్, హార్ట్ దీన్ని ప్రొజెస్టిన్లతో పోల్చి చూశారు. సగానికి కొంచెం పైగా పిల్లుల్లో చిమ్ముడు బాగా తగ్గింది. ప్రొజెస్టిన్లకు అంతగా లొంగని ఆడపిల్లులకు కూడా ఇది పనిచేసింది. అయితే మందు ఆపగానే దాదాపు అన్ని పిల్లులూ మళ్లీ మొదలుపెట్టాయి. మందు మీద ఉన్నన్నాళ్లూ కొన్ని మత్తుగా పడి ఉండేవి, నడకలో తూలేవి, ఆకలి పెరిగి ఎక్కువ తినేవి.

1996లో అసలు దెబ్బ తగిలింది. నోటి ద్వారా డయాజిపామ్ తీసుకున్న 11 పిల్లుల్లో కాలేయం హఠాత్తుగా కుప్పకూలిందని అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ఒక నివేదిక వచ్చింది. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే అవి తిండి మానేసి, నీరసించాయి. వాటిలో ఎక్కువ చనిపోయాయి. మందు మోతాదు మించినందువల్ల జరిగింది కాదిది. ఏ పిల్లికి వస్తుందో ముందుగా చెప్పలేని ప్రతిక్రియ. ఆ తర్వాత చిమ్ముడు కోసం నెలల తరబడి డయాజిపామ్ మాత్రలు ఇచ్చే పద్ధతి వెనకబడింది.

పిల్లి శరీరం మందులను వదిలించుకునే తీరు మనిషి శరీరం కంటే వేరు. కొన్ని మందులను గ్లూకురోనిక్ ఆమ్లంతో జోడించి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనిషికి జ్వరం తగ్గించే పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం కావడానికి ఇదే కారణం. మనుషుల మందు ఏదైనా పిల్లికి కొత్త మందుగానే పరీక్షించుకోవాలన్న జాగ్రత్త ఈ రంగంలో అలా స్థిరపడింది.

సెరటోనిన్ వైపు మలుపు

డయాజిపామ్ స్థానంలో ముందుగా వచ్చింది బస్పిరోన్. ఇది మెదడులోని సెరటోనిన్ అనే రసాయనపు గ్రాహకాల మీద పనిచేస్తుంది. మత్తు కలిగించదు. 1993లో వెలువడిన అధ్యయనంలో ఇది కూడా సగానికి కొంచెం పైగా పిల్లుల్లో ఫలించింది. రెండు నెలల వాడకం తర్వాత ఆపితే సుమారు సగం పిల్లులే మళ్లీ చిమ్మాయి. డయాజిపామ్‌తో పోలిస్తే ఇది పెద్ద మెరుగుదల. ఒకే పిల్లి ఉన్న ఇళ్లలో కంటే ఎక్కువ పిల్లులున్న ఇళ్లలో ఇది బాగా పనిచేయడం కూడా గమనించారు. పిల్లుల మధ్య పొసగకపోవడమే చిమ్ముడుకు మూలమన్న ఆలోచనకు ఇది ఊతమిచ్చింది.

అదే దశాబ్దంలో మనుషుల దిగులుకు వాడే అమిట్రిప్టిలిన్, క్లోమిప్రమైన్ కూడా పిల్లుల దగ్గరికి వచ్చాయి. నాడీకణం విడుదల చేసిన సెరటోనిన్‌ను మళ్లీ వెనక్కి లాక్కోకుండా ఆపడం వీటి పని. అమిట్రిప్టిలిన్ చేదు. పిల్లి నోట్లో పడగానే నురగ కక్కుతుంది. క్లోమిప్రమైన్ చిన్న మోతాదులోనే చిమ్ముడును గణనీయంగా తగ్గిస్తుందని 2004లో వచ్చిన మోతాదు పరీక్ష తేల్చింది.

ఈ చరిత్రలో ముఖ్యమైన పరీక్ష 2001లో డేవిస్‌లో జరిగింది. ఎలై లిల్లీ కంపెనీ తయారుచేసిన దిగులు మందు ఫ్లూక్సెటిన్‌కు 1987 చివర్లో అమెరికా అనుమతి దొరికింది. ప్రోజాక్ పేరుతో అది ప్రపంచమంతటా తెలిసింది. ప్రయర్, హార్ట్, వారి సహచరులు శస్త్రచికిత్స అయి కూడా చిమ్ముతున్న 17 పిల్లులను తీసుకున్నారు. కొన్నింటికి కిలో బరువుకు 1 మిల్లీగ్రాము చొప్పున రోజూ ఫ్లూక్సెటిన్, మిగిలినవాటికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. ఏ పిల్లికి ఏది వెళుతోందో యజమానులకు గానీ, లెక్కగట్టేవారికి గానీ తెలియదు. యజమానులు రోజూ ఇల్లంతా వెతికి, కొత్తగా పడిన ప్రతి మరకనూ రాసిపెట్టారు. మందు తీసుకున్న పిల్లులు మొదట వారానికి సగటున 8.6 సార్లు చిమ్మేవి. రెండో వారానికి అది 1.7కు, ఏడెనిమిది వారాలకు 0.4కు దిగింది. ఉత్తుత్తి మాత్ర పిల్లుల్లో మొదట కొంచెం తగ్గి, అక్కడే నిలిచిపోయింది.

2005లో అదే విశ్వవిద్యాలయ బృందం ఫ్లూక్సెటిన్‌ను, క్లోమిప్రమైన్‌ను 16 వారాల పాటు పోల్చింది. రెండూ సమానంగా పనిచేశాయి. ఎనిమిది వారాలు దాటి వాడిన కొద్దీ ఫలితం పెరిగింది. మందు ఒక్కసారిగా ఆపితే మాత్రం చాలా పిల్లుల్లో చిమ్ముడు తిరిగొచ్చింది. మళ్లీ అదే మందు ఇస్తే మళ్లీ తగ్గింది.

మాత్ర కాని మందు

మాత్రలకు సమాంతరంగా మరో దారి ఫ్రాన్సులో తెరుచుకుంది. పిల్లి తన బుగ్గలను కుర్చీ కాళ్లకు, గోడ మూలలకు రాసుకుంటుంది. అలా రాసుకున్న చోట సాధారణంగా చిమ్మదు. పశువైద్యుడు పాట్రిక్ పజా ఆ బుగ్గల స్రావాన్ని విశ్లేషించి, అందులో ఎఫ్3 అని గుర్తించిన భాగాన్ని కృత్రిమంగా తయారుచేయించాడు. అదే 1990లలో ఫెలివే పేరుతో వచ్చింది. ఈ చోటు తనకు తెలిసినదే, భయం లేదు అన్న సంకేతాన్ని ఇంట్లో నింపడం దీని ఉద్దేశం. 2011లో ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేనియల్ మిల్స్, సహచరులు అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నింటినీ కలిపి విశ్లేషించారు. ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమైన్, ఎఫ్3 గంధం మూడూ చిమ్ముడును తగ్గిస్తాయని ఆ విశ్లేషణ తేల్చింది.

నేటి పద్ధతి

ఇన్నేళ్ల అనుభవం నుంచి ఒక వరస స్థిరపడింది. మొదట పరీక్ష. మూత్రాశయం మంట, రాళ్లు, నొప్పి ఉన్నాయేమో చూడాలి. మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేని మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అది గంటల్లో చూపించాల్సిన ప్రమాదం. శస్త్రచికిత్స కాకపోతే అది చేయించాలి.

తర్వాత ఇల్లు. 2001లోనే ప్రయర్ బృందం మరో అధ్యయనంలో, మరకలను ఎంజైము ద్రావణంతో శుభ్రం చేయడం, ఇసుక ట్రేను రోజూ ఎత్తి వారానికోసారి మార్చడం వంటి పనులతోనే కొన్ని పిల్లుల్లో చిమ్ముడు తగ్గుతుందని చూపింది. ఇంట్లో ఉన్న పిల్లులకంటే ఒక ట్రే ఎక్కువ పెట్టడం, తిండిగిన్నెలను వేర్వేరు చోట్ల ఉంచడం, కిటికీ అవతల తిరిగే పరాయి పిల్లి కనబడకుండా చేయడం ఈ దశలో పనులు. అమోనియా ఉన్న క్లీనర్లు వాడకూడదు. మూత్రం వాసనను పోలిన వాసన పిల్లిని మళ్లీ అక్కడికే పిలుస్తుంది. తిట్టడం, కొట్టడం ఆందోళనను పెంచి చిమ్ముడును ఎక్కువ చేస్తాయి.

ఇవి చాలనప్పుడు మందు. ఇప్పుడు ఎక్కువగా ముందు ఎంచుకునేది ఫ్లూక్సెటిన్. చాలా దేశాల్లో ఇది మనుషుల మందుగానే దొరుకుతుంది. భారతదేశపు మందుల షాపుల్లో దొరికే 20 మిల్లీగ్రాముల క్యాప్సూలు నాలుగు కిలోల పిల్లికి మోతాదుకు అనేక రెట్లు. కాబట్టి పశువైద్యుడి చీటీ, సరిగ్గా తూచి చేయించిన మోతాదు లేకుండా వాడకూడదు. చెవికి రాసే ఫ్లూక్సెటిన్ లేపనాలు నోటి మందులో పదో వంతే రక్తంలోకి చేరుస్తాయని తేలడంతో అవి నమ్మదగిన దారి కాలేదు. మొదటి వారాల్లో ఆకలి తగ్గడం, మందకొడితనం కనిపించవచ్చు. పిల్లి తిండి మానేస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. తగ్గాక కొన్ని నెలలు కొనసాగించి, వారాల తరబడి కొద్దికొద్దిగా మోతాదు దించుతారు.

ఆ దించే దశలోనే చికిత్స అసలు ఫలితం బయటపడుతుంది. మందు పిల్లి కలతను తగ్గిస్తుంది గానీ కలతకు కారణాన్ని తీసేయదు. పరాయి పిల్లి ఇంకా కిటికీ దగ్గరికి వస్తుంటే, ఇంట్లో రెండు పిల్లులు ఒకే ట్రే కోసం ఇంకా కాచుకుంటుంటే, మోతాదు దిగేకొద్దీ గోడ మళ్లీ తడుస్తుంది. ఆ కారణాలు తొలగిన ఇంట్లో చాలా పిల్లులు మందు లేకుండా కుదురుకుంటాయి. కుదురుకోనివాటికి ఏళ్ల తరబడి చిన్న మోతాదు కొనసాగించడమూ నేడు ఆమోదం పొందిన చికిత్సే.