సంఘం కెమెరా: ఎక్కువ జూమా, ఎక్కువ వెలుతురా?



మొన్నటి సమావేశంలో కెమెరా సంగతి తేలలేదు. కొందరు 125 ఎక్స్ జూమ్ ఉన్నదే కొనాలన్నారు, కొందరు చేతిలో ఫోన్లుండగా కెమెరాకి డబ్బు దండగ అన్నారు. ఉగాదిలోపు తేల్చమని కోశాధికారి గారు తొందరపెడుతున్నారు. చూసిరమ్మని మా ముగ్గురికీ అప్పగించారు కనుక, నెలరోజులుగా మేం చదివిందీ, వాడినవాళ్లని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాం. కాస్త పొడుగైంది. ఓపిక చేసుకోండి.

ముందు మన బీరువా సంగతి గుర్తుచేసుకోవాలి. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల గాలి. సంఘం గది కిటికీ రెక్క ఊడి, వాననీరు బీరువాలోకి దిగింది. పాత ఆల్బమ్‌లు అట్టలా అతుక్కుపోయాయి. విడదీయబోతే మొహాలు ఊడి చేతికొచ్చాయి. మిగిలినవల్లా 2006లో మనం కొన్న 12 ఎక్స్ డిజిటల్ కెమెరాతో తీసినవి, అవీ ఒక సభ్యుడి ఇంట్లో సీడీల మీద ఉండబట్టి. గంజాం 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలోకి వచ్చింది. అప్పటి నుంచి బరంపురం తెలుగువాళ్ల పండగలు, వనభోజనాలు, నాటకాలు ఎలా జరిగాయో మనం దాచుకున్నదే తప్ప ఇంకొకరు దాచిపెట్టరు.

ఆ 12 ఎక్స్ కెమెరాని అప్పట్లో అందరం తిట్టాం. పెన్సిల్ బ్యాటరీలు నాలుగు మింగేది. రాత్రి ఫొటోలన్నీ బూడిద చల్లినట్టు వచ్చేవి. కానీ ఒక్కటి చెప్పాలి. మన సభ్యుల్లో ఒక పెద్దాయన, పట్టు మగ్గం మీద బతికిన మనిషి, ఫొటో అంటే మొహం తిప్పేసేవారు. గోపాల్‌పూర్ వనభోజనాల్లో ఆయన మనవడికి ఇసుకలో గూళ్లు కట్టిపెడుతుంటే, యాభై అడుగుల దూరం నుంచి ఎవరో జూమ్ లాగి తీశారు. ఆయనకి తెలీదు. ఆయన పోయాక ఆ ఇంట్లో ఇప్పుడు దండ వేసి ఉన్నది ఆ ఫొటోయే. వాళ్ల దగ్గర ఇంకొకటి లేదు. కాబట్టి జూమ్ అనవసరం అనేవాళ్లతో మేం ఏకీభవించలేం. ఎంత జూమ్ అన్నదే ప్రశ్న.

జూమ్ లెన్సు కథ మనం అనుకునేదానికంటే పాతది. ఫొటో కెమెరాకి మొదటి జూమ్ లెన్సు 1959లో జర్మనీ కంపెనీ ఫోక్ట్‌లాండర్ అమ్మింది. పేరు జూమర్. 36 నుంచి 82 మిల్లీమీటర్లు, అంటే ఇప్పటి లెక్కలో రెండు ఎక్స్ చిల్లర. దూరం లాగేకొద్దీ చెయ్యి వణుకు కూడా అంతే పెద్దదై ఫొటోలో కనిపిస్తుంది. ఆ వణుకుని లెన్సే సర్దుకునే ఏర్పాటు 1990ల నడుమ నికాన్, కెనాన్ తెచ్చాయి. పొడుగు జూమ్ మామూలు మనిషి చేతికి రావడానికి అసలు కారణం ఇదే. గాజు కంటే ఇదే ముఖ్యం అని మాకు అనిపిస్తుంది.

డిజిటల్‌లో 1998లోనే సోనీ 14 ఎక్స్ మావికా అమ్మింది. బొమ్మలు ఫ్లాపీ డిస్కు మీద పడేవి! ఈ కాలం పిల్లలకి ఫ్లాపీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. 2000లో ఒలింపస్ సీ 2100 వచ్చింది, 10 ఎక్స్, రెండే మెగాపిక్సెళ్లు. 2002లో పానాసోనిక్ ఎఫ్‌జెడ్ 1 వచ్చింది, 12 ఎక్స్. ఈ ఎఫ్‌జెడ్ 1 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. దాని లెన్సు 35 నుంచి 420 దాకా ఎంత లాగినా ఎఫ్ 2.8 దగ్గరే నిలబడేది. ఎఫ్ అంకె అంటే లెన్సు ఎంత తలుపు తెరుస్తుందో చెప్పే అంకె. అంకె పెరిగితే తలుపు మూసుకుంటుంది, వెలుతురు తగ్గుతుంది. 

ఆ తరవాత పందెం మొదలైంది. 2008కి 18, 20 ఎక్స్. 2010లో ఫుజీ 30, అదే ఏడు కెనాన్ 35. 2012లో కెనాన్ 50. 2014లో నికాన్ 60, కెనాన్ 65. 2015లో నికాన్ పీ 900 ఏకంగా 83కి దూకింది. చందమామ గుంటలు ఇంటి డాబా మీంచి చూపించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. 2018లో పీ 1000, 125 ఎక్స్. 2025లో దాని తరవాతది పీ 1100 వచ్చింది, అదీ 125 ఎక్సే. పందెం అక్కడితో ఆగినట్టే ఉంది. ఎందుకంటే కొనేవాళ్లే తగ్గిపోయారు. ప్రపంచం మొత్తం మీద 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికి వెళ్తే, 2020లో కోటి కూడా లేవు. ఫోను మింగేసింది.

ఈ ఎక్స్ అంకెలో ఒక మాయ ఉంది. అది లెన్సు అతి పొడుగుని అతి పొట్టితో భాగించగా వచ్చిన అంకె మాత్రమే. 38 నుంచి మొదలయ్యే 10 ఎక్స్ 380కి వెళ్తుంది, 28 నుంచి మొదలయ్యే 10 ఎక్స్ 280 దగ్గర ఆగుతుంది. రెండూ పదే. దుకాణంలో ఎక్స్ అడక్కండి, చివరి మిల్లీమీటర్ అడగండి.

ఇంకో మాయ ఇంకా పెద్దది. పీ 1000 చివర 3000 మిల్లీమీటర్లు, ఎఫ్ 8. పాత ఫిల్ము సైజు కెమెరాకి అలాంటి నిజమైన లెన్సు చెయ్యాలంటే ముందు గాజు అడుగుకి పైగా వెడల్పుండాలి, మనం అన్నం తినే కంచం కంటే పెద్దది. మరి కిలోన్నర లోపు కెమెరాలో అది ఎలా ఇమిడింది? లోపలి సెన్సర్ చిటికెనవేలి గోరంత కనుక. సుమారు 6 మిల్లీమీటర్లు ఇంటు నాలుగున్నర. ఆ ఇంత ముక్క మీద పడే బొమ్మని మనం గోడంత చేసి చూస్తాం. ఎండలో సరిపోతుంది. దీపాల వెలుతుర్లో సరిపోదు. ఎక్స్ పెరిగిన ప్రతిసారీ కంపెనీలు వదులుకుంటూ వచ్చింది వెలుతురునే.

ఇప్పుడు మన అవసరాలు. సమావేశంలో ఎక్కువసార్లు వినిపించింది కృష్ణజింకల మాట. నిజమే, ఆస్కా అవతల భెట్నోయి, బలిపదర్ పొలాల్లో వాటిని చూడని బరంపురం వాడు ఉండకూడదు. కరువు కాలంలో జింకలు వచ్చాక వాన పడిందన్న నమ్మకంతో అక్కడి రైతులు తరతరాలుగా వాటి జోలికి పోరు, పంట మేసినా సరే. అటవీశాఖ లెక్కల్లో గంజాంలో 2011లో 2,194, 2015లో 3,806, 2018లో 4,082 ఉన్నాయి. అవి మనుషుల్ని చూసి మరీ దూరం పోవు. 600 మిల్లీమీటర్లుంటే మగజింక కొమ్ముల మెలికలు లెక్కపెట్టొచ్చు. 2000, 3000 లాగితే ఎండెక్కాక నేల సెగకి బొమ్మ నీళ్లలో ఆడినట్టు ఆడుతుంది. అంత ఖరీదైన జూమ్ పొద్దున్న రెండు గంటలే పనిచేస్తుందన్నమాట.

రెండోది రుషికుల్య మొగ. 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్ల తీరం. 2023లో అక్కడ ఆరు లక్షలకి పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. అవి ఎక్కువగా రాత్రి పెడతాయి. పిల్లలు గుల్ల పగిలి వచ్చేదీ రాత్రి, తెల్లవారుజామున. వెలుతురున్న వైపు సముద్రం అనుకుని నడుస్తాయి, కాబట్టి ఫ్లాష్, టార్చి వాటికి ప్రాణాంతకం. చిన్న సెన్సర్ కెమెరా చేతిలో ఉన్నవాడికి ఫ్లాష్ నొక్కాలని వేలు దురదపెడుతుంది. సంఘం కెమెరా ఏది కొన్నా, పురుణబంధ ఒడ్డున తెల్లవారేదాకా సంచిలోంచి తీయకూడదని మేం ముందే షరతు పెడుతున్నాం.

మూడోది, మాకు అన్నిటికంటే ముఖ్యమైంది, ఠాకురాణి యాత్ర. రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి దేశిబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది. నెలరోజులు రాత్రిపూట ఘటాలు ఊరేగుతాయి, పులివేషాలు తిరుగుతాయి. ఆ వేషం కట్టే పెద్దలు, ఘటం ముందు నడిచే ఆడవాళ్లు, వాళ్లలో కొందరు మళ్లీ యాత్రకి ఉంటారో లేదో. మన పాత సీడీల్లో ఆ రాత్రుల ఫొటోలు 300కి పైగా ఉన్నాయి. పెట్టి చూశాం. మొహం పోల్చుకోగలిగినవి 11.

ఇక పోలిక. కెనాన్ ఎస్ఎక్స్ 70, 21 నుంచి 1365, సుమారు 600 గ్రాములు, ఆడవాళ్ల హ్యాండుబ్యాగులో పడుతుంది, కానీ చివర ఎఫ్ 6.5. నికాన్ పీ 950, 24 నుంచి 2000, కిలో. దీని అన్న పీ 1000 దాదాపు 1,400 గ్రాములు. ఈ మూడింటికీ ఆ గోరంత సెన్సరే. పానాసోనిక్ ఎఫ్‌జెడ్ 200 2012 నాటిది, 600 దాకా ఎఫ్ 2.8 నిలబెట్టింది, ముచ్చటైన లెన్సు, సెన్సర్ మాత్రం అదే. సోనీ ఆర్ఎక్స్ 10లో మూడో రకం, 2016ది, 24 నుంచి 600, ఎఫ్ 2.4 నుంచి 4, సెన్సర్ నాలుగు రెట్లు పెద్దది. ఊరేగింపు దగ్గర నిలబడి వెడల్పుగా తీస్తే, పీ 1000 కంటే ఐదు రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. 25 ఎక్స్ మాత్రమే అని పెదవి విరిచేవాళ్లకి ఇదే మా జవాబు. విడి లెన్సుల కెమెరా, 150–600 లెన్సు బాగుంటాయి, కానీ ఆ లెన్సొక్కటే రెండు కిలోలు. తిప్పితిప్పి ఒక్కరే మోస్తారు, వాళ్లు ఊళ్లో లేనినాడు బీరువాలో ఉంటుంది. ఫోను దగ్గరి మనుషులకి చాలు, దూరంగా వేదిక మీద ఉన్నవాళ్లకి చాలదు.

మా ముగ్గురిలో ఇద్దరం సోనీ వైపు ఉన్నాం. కొత్తది మన నిధికి అందదు. వాడింది చూడాలి. మూడో ఆయన ఒప్పుకోలేదు, పీ 950 కావాలంటున్నారు. చలికాలంలో రంభ దగ్గర చిలికా మీద బాతులు 600కి చుక్కల్లా కనిపిస్తాయి అంటారాయన, అదీ నిజమే. యాత్ర రెండేళ్లకోసారి, బాతులు ఏటా అన్నది ఆయన లెక్క. ఆయన మాట కూడా సమావేశంలో పెడతాం.

వాడిన కెమెరా ఒకటి విశాఖ నుంచి చూపించడానికి వచ్చే ఆదివారం తెస్తున్నారు. తెల్ల గోడ వైపు పెట్టి, లెన్సు లోపల టార్చి వేసి చూద్దాం. మన సముద్రపు గాలికి సాలెగూడు లాంటి బూజు పడుతుంది, పడితే వదలదు. జూమ్ పూర్తిగా లాగి, మళ్లీ మూసి, చప్పుడు వినాలి. సాయంత్రం దీపాలు పెట్టాక గదిలో ఒకర్నొకరం తీసుకుని కంప్యూటర్లో పెద్దది చేసి చూద్దాం. మూడో సభ్యుడు పీ 950 కూడా ఎవరి దగ్గరో అడిగి తెస్తానన్నారు, రెండూ పక్కపక్కనే పెడదాం.

ఏది కొన్నా, ఈసారి ఇనప బీరువాలో వద్దు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడదాం. ఫొటోల రెండో కాపీ హైదరాబాదులో ఉన్న మన సభ్యుల ఇంట్లో ఉంచడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం ఐదుకి రండి. పాత సీడీలు ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటే పట్టుకురండి.