గౌను చాటున జారిన జోడు

హాస్యం కలిసిన ప్రేమకథ అనగానే హీరో హీరోయిన్లు ఒకరికొకరు ఢీకొనడమూ, చేతిలో పుస్తకాలు కింద పడడమూ మనకి గుర్తొస్తాయి. 1953లో విలియం వైలర్ తీసిన ‘రోమన్ హాలిడే’ అలా మొదలవదు. తొలి ఘట్టంలో హీరో గ్రెగరీ పెక్ కనిపించనే కనిపించడు. కనిపించేది ఒక అమ్మాయి, ఆ అమ్మాయి కాలి జోడూను.

సినిమా మొదలవడమే న్యూస్‌రీల్‌తో. మన హాళ్ళలో కూడా ఫిలిమ్స్ డివిజన్ వారి ఆనకట్టలూ, ప్రారంభోత్సవాలూ అయ్యాకే కదా అసలు బొమ్మ పడేది! ఆలస్యంగా చేరినవాళ్ళు “న్యూస్‌రీలేగా పోయింది, పోనిద్దురూ” అనుకునేవారు. పారమౌంట్ వారికి 1927 నుంచి 1957 దాకా నిజంగానే ఒక వార్తావిభాగం వుండేది. వైలర్ దాని వేషమే వేయించాడు. రాకుమారి యాన్ లండన్ వెళ్ళింది, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళింది, పారిస్ వెళ్ళింది, ఇదిగో రోమ్‌కి వచ్చిందంటూ ఒక గొంతు గంభీరంగా చెప్పుకుపోతుంది. ఏ దేశపు రాకుమారో మాత్రం చివరిదాకా చెప్పరు. అదే ఏడు జూన్‌లో రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకం జరిగింది. అది వార్తాచిత్రాల్లో చూసిన జనానికి ఈమె కూడా నిజం రాకుమారిలాగే అనిపించి వుండాలి. ఇంతా చూశాక ఆ పిల్ల గురించి మనకి తెలిసిందేమిటీ అంటే, చెయ్యి ఊపడం వచ్చునని!

తరువాత రాయబారి భవనంలో విందు. బారెడేసి బిరుదులతో ఒక్కొక్కరి పేరూ బిగ్గరగా చదువుతుంటే అతిథులు వరసగా వస్తారు. అందులో కథకులు కల్పించిన ఖనీపూర్ మహారాజా కూడా వున్నారండోయ్! రాకుమారి నిలబడి నవ్వుతూ వుంటుంది. అప్పుడు కెమెరా మెల్లిగా గౌను అంచు కిందికి వెళుతుంది. ఒక కాలు జోడులోంచి బయటికొచ్చి రెండో కాలిని రుద్దుకుంటోంది! ఇంతలో జోడు పక్కకి ఒరిగి చేజారి, కాదు కాదు, కాలుజారి పోతుంది. వేళ్ళు దానికోసం తడుముకుంటూనే వుంటాయి. పైన నవ్వు మాత్రం చెక్కుచెదరదు. తీరా కూర్చున్నాక గౌను వెనక్కి జరిగి, జోడు ఒంటరిగా నలుగురి ముందూ నిలబడుతుంది. పరివారం గుండెల్లో రాయి పడుతుంది. రాయబారి నాట్యానికి పిలిచిన వంకతో లేచి, గౌను చాటున ఎలాగో కాలు దూర్చుకుంటుంది.

ఒక్క మాటైనా లేకుండా కథంతా ఇక్కడే చెప్పేశాడు. సిండ్రెల్లా పరిగెడుతూ జోడు పోగొట్టుకుంది. ఈ అమ్మాయి కదలకుండా నిలబడి పోగొట్టుకుంది. మనకి నవ్వొస్తుంది గాని, ఆమెని చూసి కాదు. పెళ్ళి రిసెప్షన్‌లో మూడేసి గంటలు నిలబడి, పేర్లయినా తెలియని పెద్దలందరికీ నవ్వుతూ నమస్కరించే కొత్తకోడలి కాళ్ళ సంగతి ఆడవాళ్ళకి చెప్పాలా? ఆ రాత్రి రాకుమారి పారిపోయిందంటే మనం తప్పు పట్టం. ఎందుకంటే ఆ కాళ్ళ నొప్పి మనం ముందే చూసేశాం.

ఆడ్రే హెప్‌బర్న్‌ని ఎంచుకున్న తీరూ ఇలాంటిదే. 1951లో లండన్ దగ్గర పరీక్ష తీశారు. అయిపోయిందని చెప్పాక కూడా కెమెరా ఆపలేదు. హమ్మయ్య అనుకుని ఆ అమ్మాయి మామూలుగా మాట్లాడిన ఆ కాస్తా వైలర్‌కి నచ్చింది. షూటింగ్ నాటికి ఆమెకి 23 ఏళ్ళు. ఆ పాత్రకే ఆస్కారు వచ్చింది.

చివర్లో మళ్ళీ అలాంటి సభే. ఈసారి వచ్చినవాళ్ళు పత్రికలవాళ్ళు. కార్యక్రమంలో లేకపోయినా రాకుమారి తనే మెట్లు దిగివచ్చి ఒక్కొక్కరికీ చెయ్యి అందిస్తుంది. పేర్లు వాళ్ళే చెప్పుకుంటారు. మొదటి సభ చూసినవాళ్ళకే ఆ నాలుగు మెట్ల దూరం ఎంతో అర్థమవుతుంది.

ఇంతకీ ఇన్ని పేర్లు చదివించిన ఈ సినిమాలో, విడుదలైనప్పుడు కథ రాసినాయన పేరు లేదు. ఆయన డాల్టన్ ట్రంబో. కమ్యూనిస్టువా అని 1947లో అమెరికా కాంగ్రెస్ సంఘం అడిగితే జవాబు చెప్పనన్నాడు. 1950లో జైలుకి వెళ్ళాడు. సినిమా పరిశ్రమ వెలివేసింది. స్నేహితుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ తన పేరు అరువిచ్చాడు. కథకి వచ్చిన ఆస్కారు కూడా ఆ పేరుకే వెళ్ళింది. ట్రంబో 1976లో పోయాడు. 1993లో ఆ బహుమతిని ఆయన భార్య క్లియో చేతికిచ్చారు. 2011లో రచయితల సంఘం స్క్రీన్‌ప్లేలోనూ ఆయన పేరు చేర్చింది. రాకుమారి జోడు ఒక్క నాట్యం వేళకి దొరికింది. దాన్ని కదిలించిన కలం పేరు పూర్తిగా దొరకడానికి 58 ఏళ్ళు పట్టింది.