హవర్త్ పార్సనేజి



పల్లెలో పాస్టరుగారి ఇల్లు ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఇంగ్లండులో, యార్క్‌షైర్ కొండల మీద, హవర్త్ అనే ఊళ్లోనూ అటువంటి ఇల్లొకటుంది. 1779 నాటికి కట్టారు. రెండంతస్తుల రాతి ఇల్లు, నడిమధ్య ముఖద్వారం, అటూ ఇటూ సమానంగా కిటికీలు. కింద నేలకూ పైకప్పుకూ రాతి పలకలే.

1820లో పాట్రిక్ బ్రాంటీ గారు భార్యతో, ఆరుగురు పిల్లలతో ఈ ఇంట్లో దిగారు. మరుసటి ఏడే ఆమె చనిపోయారు. 1825లో పెద్ద పిల్లలిద్దరూ పోయారు. మిగిలినవారిలో షార్లెట్, ఎమిలీ, ఆన్ ఈ గోడల మధ్యే నవలలు రాశారు. ఇంట్లో చాలాకాలం కర్టెన్లు ఉండేవి కావు, చెక్క తలుపులే. పాస్టరుగారికి నిప్పంటే భయం. పిల్లలున్న ఇల్లు గనుక ఆ భయం సబబేనని మనకనిపిస్తుంది.

కానీ ముప్పు నీళ్లలో ఉంది. సమాధుల తోట ఇంటికి ఆనుకొనే ఉంది. ఊరికి సరైన మురుగు కాలువలు లేవు. పాస్టరుగారు ప్రభుత్వానికి అర్జీ పెట్టి మంచినీళ్లు అడిగారు. 1850లో బాబేజ్ అనే అధికారి వచ్చి చూశారు. ఆ ఊళ్లో సగటు మరణ వయసు 25.8 ఏళ్లు. నూటికి 41 మందికి పైగా ఆరేళ్లు నిండకుండానే పోయేవారు. సంఘంలో ఎన్ని చిన్న పెట్టెలు మోసి ఉంటారో! వాక్యం చెప్పే మనిషికి నీళ్ల గొడవ ఎందుకని మన దగ్గర అడిగేవాళ్లున్నారు. ఆయన మాత్రం ఆ ఉత్తరాలు ఆపలేదు.

1848 సెప్టెంబరు నుంచి 1849 మే లోపు కొడుకు బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్ ముగ్గురూ పోయారు. షార్లెట్ 1855లో. ఆరుగురినీ పోగొట్టుకున్న తండ్రి 1861 వరకు, తన 84వ ఏట కన్నుమూసేదాకా అక్కడే పాస్టరుగా ఉన్నారు.

తరువాత వచ్చిన వేడ్ గారు 1878లో ఒక పక్క కొత్త భాగం కట్టించారు. ముందునుంచి చూస్తే అది అతుకులాగే కనిపిస్తుంది. 1928లో ఇల్లు మ్యూజియం అయింది. ఆ తరువాతి కాలంలో పాత రంగుల పొరలను పరీక్షించి, బ్రాంటీల నాటి గోడలకు దగ్గరగా మళ్లీ అలంకరించారు.

భోజనాల బల్ల 2015లో తిరిగి ఆ ఇంటికి చేరింది. దాని మీద సిరా మరకలున్నాయి, మధ్యలో కొవ్వొత్తి కాల్చిన మచ్చ ఉంది. రాత్రిపూట అక్కచెల్లెళ్లు ముగ్గురూ ఈ బల్ల చుట్టూ నడుస్తూ తమ కథల గురించి మాట్లాడుకునేవారు. చివరి ఏళ్లలో షార్లెట్ ఒక్కరే నడిచేవారని ఇంట్లో పనిచేసిన ఆమె చెప్పింది.