గగనతల ఉల్లంఘన: వాషింగ్టన్ పరిసరాల్లో ప్రైవేట్ పైలట్లు

జీతానికి కాక సరదాకో సొంత పనికో చిన్న విమానాలు నడిపే ప్రైవేట్ పైలట్లు, దురుద్దేశమేమీ లేకుండానే, ప్రభుత్వం రాకపోకలను నిషేధించిన లేదా పరిమితం చేసిన గగనతలంలోకి ప్రవేశించడం పౌర విమానయానంలో తరచూ జరిగే పొరపాటు. భద్రత కోసం తన భూభాగంలో కొన్ని ప్రాంతాల మీదుగా విమానాలు ఎగరకుండా కట్టడి చేసే హక్కును 1944 నాటి షికాగో ఒప్పందం 9వ అధికరణం ప్రతి సభ్య దేశానికీ ఇచ్చింది. ఈ హక్కును అమెరికా తన రాజధాని చుట్టూ వాడుకున్నంత విస్తృతంగా జనసమ్మర్దం గల మరే నగరం చుట్టూ వాడుకోలేదు కాబట్టి, ఇలాంటి ఉల్లంఘనల స్వభావం వాషింగ్టన్ పరిసరాల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది.

అధ్యక్ష నివాసమైన వైట్‌హౌస్, చట్టసభల భవనమైన కాపిటల్ పైనున్న పీ-56 అనే చిన్న నిషిద్ధ ప్రాంతం పాతదే. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వచ్చిన ఆంక్షలకు కొనసాగింపుగా 2003 ఫిబ్రవరిలో దాని చుట్టూ విశాలమైన రక్షణ వలయం ఏర్పడింది. మొదట్లో ఈ వలయం మూడు పెద్ద విమానాశ్రయాల చుట్టూ గీసిన వృత్తాల కలయిక కావడంతో, హద్దు ఎక్కడ లోపలికి వంగుతుందో ఎక్కడ బయటికి ఉబుకుతుందో పటం దగ్గర పెట్టుకున్నా పోల్చుకోవడం కష్టంగా ఉండేది. 2007లో దాన్ని 30 నాటికల్ మైళ్ల, అంటే సుమారు 55 కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తంగా సరిచేసి, 2009 ఫిబ్రవరి నుంచి శాశ్వత నిబంధనగా అమలు చేశారు. ఈ వలయంలోకి వచ్చే పైలట్ ముందుగా ప్రయాణ ప్రణాళిక దాఖలు చేయాలి, రాకపోకల నియంత్రకులతో రేడియో సంబంధంలో ఉండాలి, రాడార్ అడిగినప్పుడల్లా విమానం గుర్తింపును తిరిగి పంపే ట్రాన్స్‌పాండర్ అనే పరికరంలో తనకు కేటాయించిన నాలుగంకెల సంకేతం పెట్టాలి. సుమారు 15 నాటికల్ మైళ్ల లోపలి వలయంలోకైతే ముందస్తు పరిశీలనలో నెగ్గిన పైలట్ల విమానాలు తప్ప మామూలు చిన్న విమానాలకు ప్రవేశమే లేదు. 1909 నుంచి ఎడతెగకుండా నడుస్తున్న, ప్రపంచంలోనే అతి పాతదని పేరున్న కాలేజ్ పార్క్ విమానాశ్రయం ఈ లోపలి వలయంలో చిక్కుకుపోవడం విమానయాన చరిత్రలో ఒక విడ్డూరం.

ఉల్లంఘనలకు కారణం నిర్లక్ష్యమేనని తేల్చేయడం తేలికే గాని, పైలట్ల పనితీరు చూస్తే విషయం అంత సులువు కాదు. చిన్న విమానాలు ఎక్కువగా దృశ్య నియమాల కింద, అంటే నదులను, రహదారులను, రైలు పట్టాలను కంటితో చూసి పటంతో పోల్చుకుంటూ ఎగురుతాయి. ఆంక్షల హద్దుకు మాత్రం నేల మీద ఏ గుర్తూ ఉండదు. దిశ ఒక్క డిగ్రీ తప్పితే 60 మైళ్ల ప్రయాణంలో విమానం మైలు దూరం పక్కకు జరుగుతుందన్నది పైలట్లు వాడే లెక్క కాగా, బలమైన పక్కగాలి అంతకు పదింతలు నెట్టగలదు. ఉరుముల మేఘాలను తప్పించుకోబోయి హద్దు దాటేవారున్నారు, గడువు తీరిన పటంతో బయలుదేరేవారున్నారు. దృశ్య నియమాల విమానాలన్నిటికీ ఉమ్మడిగా ఉండే 1200 సంకేతాన్ని అలవాటు కొద్దీ, వలయం నుంచి బయటపడకముందే ట్రాన్స్‌పాండర్‌లో పెట్టేసేవారూ ఉన్నారు. శాశ్వత హద్దులకన్నా తాత్కాలిక ఆంక్షలతో చిక్కు ఎక్కువ. అధ్యక్షుడు ఎక్కడికి వెళ్తే అక్కడ సాధారణంగా 30 నాటికల్ మైళ్ల మేర ఆంక్షలు వెలుస్తాయి. మేరీలాండ్ కొండల్లోని క్యాంప్ డేవిడ్ విడిదికి ఆయన రాగానే అక్కడి ఆంక్షల పరిధి పెరుగుతుంది. పైలట్లకు నోటామ్ అనే అధికారిక ప్రకటనల ద్వారా ఈ మార్పులు తెలియాలి గాని, ఉదయం చదివిన ప్రకటన మధ్యాహ్నానికి పాతబడుతుంది. జీపీఎస్ వచ్చాక తానెక్కడున్నాడో పైలట్‌కు తెలుస్తున్నా, ఆ చోట ఈ రోజు ఏ ఆంక్ష ఉందో తాజా సమాచారం తెచ్చుకోనివాడికి అది కూడా చెప్పలేదు.

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2005లో వెల్లడించిన లెక్క ప్రకారం, 2001 సెప్టెంబర్ 12 నుంచి 2004 చివరి దాకా దేశంలో జరిగిన సుమారు 3,400 ఉల్లంఘనల్లో 88 శాతం చిన్న, ప్రైవేట్ విమానాలు వాడే సాధారణ విమానయాన రంగానివే. తప్పు ప్రతిసారీ పైలట్‌దే కాదనడానికి 2004 జూన్ 9 నాటి ఉదంతం ఉంది: మాజీ అధ్యక్షుడు రీగన్ అంత్యక్రియలకు కెంటకీ గవర్నర్‌ను తెస్తున్న విమానంలో ట్రాన్స్‌పాండర్ పనిచేయని సంగతి నియంత్రకులకు తెలిసినా, రక్షణ అధికారులకు చేరకపోవడంతో కాపిటల్ ఖాళీ అయింది. 2005 మే 11న జరిగినది మాత్రం అచ్చంగా దారి తప్పడమే. పెన్సిల్వేనియాలోని స్మోక్‌టౌన్ నుంచి నార్త్ కెరొలైనాకు బయలుదేరిన రెండు సీట్ల సెస్నా 150లో ఒక పైలట్, శిక్షణలో ఉన్న మరొకరు ఉన్నారు. అది వైట్‌హౌస్‌కు సుమారు 3 మైళ్ల దూరం దాకా రావడంతో వైట్‌హౌస్‌ను, కాపిటల్‌ను హుటాహుటిన ఖాళీ చేయించారు. ఎఫ్-16 యుద్ధ విమానాలు హెచ్చరికగా మంటల గుళ్లు వదిలాక అది పడమటికి తిరిగి మేరీలాండ్‌లోని ఫ్రెడరిక్‌లో దిగింది. సైకిల్ తొక్కుతున్న అధ్యక్షుడు బుష్‌కు అంతా ముగిశాకే ఈ సంగతి చెప్పారు. నేరాభియోగం మోపలేదు గాని, విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఆ పైలట్ లైసెన్సును రద్దు చేసింది.

100 నాట్ల వేగంతో వచ్చే సెస్నా బయటి హద్దు నుంచి నగర కేంద్రానికి 18 నిమిషాల్లో, లోపలి హద్దు నుంచైతే 9 నిమిషాల్లో చేరుతుంది. వచ్చేది దారి తప్పినవాడా, దాడికి వచ్చినవాడా అని తేల్చడానికి అధికారులకు దక్కేది ఆ కొద్ది వ్యవధే. అంత నెమ్మదిగా ఎగిరే విమానం పక్కన ఎఫ్-16 నిలకడగా సాగలేదు కాబట్టి హెలికాప్టర్లు అవసరమయ్యాయి. 2006లో వాటితో అడ్డగించే బాధ్యత తీరరక్షక దళానికి దక్కింది. రేడియోకు జవాబివ్వని పైలట్ కళ్లకు కనిపించేలా ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ వరుసలో లేజర్ కాంతిని ప్రసరించే ఏర్పాటు 2005 మేలోనే మొదలైంది. అడ్డగించడానికి వచ్చిన విమానం రెక్కలు ఊపితే తనను అనుసరించమని అర్థం. పైలట్ కూడా రెక్కలు ఊపి, 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర తరంగంపై మాట్లాడాలి. ఎగురుతున్న పౌర విమానంపై ఆయుధ ప్రయోగానికి పాల్పడరాదన్న నియమాన్ని, 1983లో సోవియట్ యుద్ధ విమానం కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చిన దరిమిలా, 1984లో షికాగో ఒప్పందానికి జోడించారు.

శిక్ష సాధారణంగా లైసెన్సును కొంతకాలం నిలిపివేయడంతో సరిపోతుంది. 2009 నుంచి రాజధానికి 60 నాటికల్ మైళ్ల లోపు దృశ్య నియమాల కింద ఎగిరే ప్రతి పైలట్‌కూ ప్రత్యేక శిక్షణ తప్పనిసరి. దాని పక్కనే ఒక వెసులుబాటు కూడా ఉంది: పొరపాటున హద్దు దాటిన పైలట్ పది రోజుల్లోగా నాసా నడిపే విమాన భద్రతా నివేదికల వ్యవస్థకు జరిగింది జరిగినట్టు రాసి పంపితే, ఉల్లంఘన నమోదైనా లైసెన్సు నిలిపివేత నుంచి సాధారణంగా మినహాయింపు దొరుకుతుంది. అయితే నేరం గాని ప్రమాదం గాని జరిగిన సందర్భాలకు, అంతకుముందు ఐదేళ్లలో ఉల్లంఘన రుజువైన వారికి ఈ మినహాయింపు వర్తించదు.