రామ్ మిరియాల

రామ్ మిరియాల తెలుగు గాయకుడు, సంగీత దర్శకుడు. హైదరాబాద్‌కు చెందిన 'చౌరస్తా' బ్యాండ్‌లో ప్రధాన గాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత సినిమా పాటల్లో సొంత దారి వేసుకున్నాడు.

బృందంలో: గిటార్ వాయించే యశ్వంత్ నాగ్ వంటి సహచరులతో కలిసి చౌరస్తాలో పాడాడు. జానపద బాణీకి రెగె, రాక్ లయలను జోడించడం ఈ బృందం ప్రత్యేకత. 'ఊరెళ్ళిపోతా మామ' పాట వారిని ఇంటింటికీ చేర్చింది. నగరంలో ఇమడలేక సొంతూరి మీద బెంగపడే మనిషి గోడు అది. ఎవరో ఆత్మీయుడితో మనసు విప్పి చెప్పుకుంటున్నట్టే రామ్ దాన్ని పాడాడు.

సొంతంగా: 'జాతిరత్నాలు' (2021) సినిమాలో రధన్ స్వరపరచిన 'చిట్టి' పాడాడు. 'డీజే టిల్లు' (2022) టైటిల్ పాటకు బాణీ కట్టి తానే పాడాడు. సాహిత్యం కాసర్ల శ్యామ్‌ది. 'బలగం' (2023)లో భీమ్స్ స్వరపరచిన 'ఊరు పల్లెటూరు'ను మంగ్లీతో కలిసి పాడాడు.

ప్రాధాన్యం: బ్రిటిష్ రాక్ బృందం క్వీన్‌లో ఉంటూనే దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1985లో సొంత ఆల్బమ్ తెచ్చాడు. రామ్ మాత్రం చివరికి చౌరస్తా నుంచి బయటికి వచ్చాడు. అయినా బృందంలో అబ్బిన పల్లె యాస, పచ్చిదనం అతని సినిమా పాటల్లోనూ వినిపిస్తాయి. బృందగానం అతనికి పునాది అయింది, సినిమా పాట విశాలమైన వేదికనిచ్చింది.