ఒకసారి కోత పడితే మళ్లీ కోతేనా?

గుజరాత్‌లోని సూరత్ నగరంలో లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలకు వెళితే మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి బతుకుతెరువు కోసం వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో అక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం పాఠశాలలు కూడా నడుపుతూ వచ్చింది. ఊరు మారినా ఆచారాలు అంత తొందరగా మారవు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. కాబట్టి సూరత్‌లో కాపురముంటున్న ఇల్లాలు తొలి పురిటికి కరీంనగర్‌కో, వరంగల్‌కో రావడం, రెండో కాన్పు సూరత్‌లోనే జరగడం వింత కాదు.

ఇక్కడ కొన్ని అంకెలు చూడాలి. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్ ఆపరేషన్ ద్వారానే జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4 శాతం. గుజరాత్‌లో 21 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. అంటే పుట్టింటికి వచ్చిన ఇల్లాలు కడుపు మీద కుట్లతో అత్తవారింటికి తిరిగి వెళ్లే అవకాశమే ఎక్కువ. రెండోసారి నెల తప్పగానే ఆమెను వేధించే ప్రశ్న ఒక్కటే: ఈసారి కూడా ఆపరేషనేనా? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చిన జవాబు వంద సంవత్సరాలలో ఎన్నో మలుపులు తిరిగింది.

న్యూయార్క్‌లో పుట్టిన సూత్రం

"ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే" అనే సూత్రం 1916 నాటిది. దానిని ప్రకటించినవాడు న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్. తరువాతి వైద్యులు దీనిని ఒక ఆజ్ఞలా పాటించారు. కాని క్రేగిన్ ఉద్దేశం వేరు. మొదటి కోత పెట్టేముందు బాగా ఆలోచించండి, దాని ఫలితం ఆ తల్లి ముందు ముందు కనబోయే ప్రతి బిడ్డ మీదా పడుతుంది అని తోటి వైద్యులను హెచ్చరించడమే ఆయన ఉద్దేశం. తన సూత్రానికి మినహాయింపులు ఉన్నాయని కూడా ఆయనకు తెలుసు.

ఆ రోజులలో ఆ హెచ్చరికకు గట్టి కారణం ఉంది. అప్పట్లో గర్భాశయం పైభాగంలో నిలువుగా కోసేవారు. నొప్పులు వచ్చినపుడు బలంగా ముడుచుకునేది ఈ పైభాగమే. ఇక్కడ పడిన మచ్చ తరువాతి కాన్పులో ఒత్తిడికి ఆగలేక చిట్లితే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయమే.

1920లలో గ్లాస్గో నగరానికి చెందిన మన్రో కెర్ అనే వైద్యుడు కోత పెట్టే చోటు మార్చాలని గట్టిగా వాదించాడు. గర్భాశయం కిందిభాగం పలచగా ఉంటుంది, నొప్పులలో అంతగా ముడుచుకోదు. అక్కడ అడ్డంగా కోస్తే రక్తస్రావం తక్కువ, మచ్చ గట్టిగా మానుతుంది. క్రమంగా ఈ పద్ధతే ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. కోత మారింది కాని సూత్రం మాత్రం చాలా దేశాలలో దశాబ్దాలపాటు అలాగే నిలిచిపోయింది.

భయం, బిగువు, నొప్పి

ఇదే కాలంలో మరో కథ విడిగా నడిచింది. అమెరికాలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే శాస్త్రజ్ఞుడు మనసులోని ఆందోళనకూ కండరాల బిగువుకూ గల సంబంధాన్ని పరిశీలించాడు. ఒక్కొక్క కండరాన్ని కావాలని బిగించి, తరువాత పూర్తిగా వదిలేస్తూ పోతే శరీరం విశ్రాంతిని నేర్చుకుంటుందని 1929లో వెలువడిన గ్రంథంలో వివరించాడు. ముప్ఫై ఏళ్ల తరువాత, 1959లో, ఈ పద్ధతిని కాన్పుకు ఎలా వాడుకోవచ్చో చెబుతూ మరో పుస్తకం రాశాడు.

ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్‌రీడ్ అనే వైద్యుడు 1933లో సహజ ప్రసవం గురించి పుస్తకం ప్రచురించాడు. భయం వల్ల బిగువు, బిగువు వల్ల నొప్పి, నొప్పి వల్ల మళ్లీ భయం: ఈ చక్రాన్ని తెంచితే కాన్పు సులువవుతుందని ఆయన వాదం. నాగరికత సోకని స్త్రీలు నొప్పి లేకుండానే కంటారని కూడా ఆయన నమ్మాడు. అది మాత్రం శాస్త్రపరీక్షకు నిలిచే మాట కాదు.

సోవియట్ యూనియన్‌లోని ఖార్కోవ్‌లో వెల్వోవ్‌స్కీ బృందం పావ్‌లోవ్ సిద్ధాంతం ఆధారంగా మరో పద్ధతిని రూపొందించింది. గర్భిణికి కాన్పు ఎలా జరుగుతుందో ముందే బోధించి, నొప్పి వచ్చినపుడు ఎలా శ్వాసించాలో అభ్యాసం చేయించేవారు. 1951లో దీనిని చూసి వచ్చిన ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ లమాజ్ పారిస్‌లో ప్రవేశపెట్టాడు. ఆయన పనిచేసిన ఆసుపత్రి లోహ కార్మికుల సంఘం నడిపినది. ఈనాడు పెద్ద నగరాలలో సొమ్ము చెల్లించి నేర్చుకునే లమాజ్ శిక్షణ పారిస్‌లో కార్మికుల భార్యలతో మొదలైందన్న సంగతి మనం గుర్తుంచుకోదగ్గది.

రెండు దారులు కలిసిన చోటు

1980లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులను సమావేశపరచి క్రేగిన్ సూత్రాన్ని తిరిగి పరిశీలించింది. కిందిభాగంలో అడ్డకోత పడిన తల్లులలో చాలామంది సహజ కాన్పుకు ప్రయత్నించవచ్చునని ఆ సమావేశం తేల్చింది. 1996 నాటికి అమెరికాలో సిజేరియన్ అయిన తల్లులలో 28.3 శాతం మంది తరువాతి బిడ్డను సహజంగా కన్నారు.

ఉత్సాహం హద్దు దాటినచోట ప్రమాదాలూ జరిగాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో 20,095 మంది తల్లుల వివరాలతో 2001లో వెలువడిన అధ్యయనం అంకెలను స్పష్టం చేసింది. నొప్పులు రాకముందే మళ్లీ ఆపరేషన్ చేసినవారిలో గర్భాశయం చిట్లినది వెయ్యికి 1.6 మందికి. నొప్పులు వాటంతటవే వచ్చినవారిలో 5.2 మందికి. ప్రోస్టాగ్లాండిన్ మందులతో నొప్పులు తెప్పించినవారిలో 24.5 మందికి. ప్రమాదం అరుదే, కాని సున్నా కాదు. పైగా దానిని పెంచేదీ తగ్గించేదీ చాలావరకు వైద్యులు తీసుకునే నిర్ణయాలే అని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఇంకో వైపు కూడా చూడాలి. ఆపరేషన్ల సంఖ్య పెరిగినకొద్దీ, మాయ పాత మచ్చలోకి చొచ్చుకుపోయి అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి మళ్లీ కోయడం కూడా పూర్తిగా క్షేమమైన దారి కాదు. తగిన తల్లులను ఎంచుకుంటే ప్రయత్నించినవారిలో నూటికి 60 నుండి 80 మంది సహజంగా ప్రసవిస్తారు. అంతకుముందు ఒక్కసారైనా సహజ కాన్పు అయినవారికి అవకాశం ఇంకా ఎక్కువ.

సడలింపు చేయగలిగేది, చేయలేనిది

మొదటి కాన్పులో గంటలకొద్దీ నొప్పులు పడి చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కిన తల్లికి రెండోసారి భయం ఎక్కువగా ఉండడం సహజం. భయపడినపుడు ఎడ్రినలిన్ వంటి హార్మోన్లు రక్తంలో పెరుగుతాయి. ఇవి గర్భాశయపు ముడుపులను మందగింపజేయగలవు. కటిభాగపు కండరాలు బిగుసుకుంటాయి, అలసట ముందే వస్తుంది. సడలింపు అభ్యాసం పనికివచ్చేది ఇక్కడే.

అభ్యాసం కష్టమైనది కాదు. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోవాలి. నెలలు నిండుతున్నపుడు వెల్లకిలా పడుకుంటే బరువైన గర్భాశయం పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది. పిడికిలి కొన్ని క్షణాలు బిగించి వదలాలి. అలాగే భుజాలు, ముఖం, తొడలు, పిక్కలు, పాదాలు. ఊపిరి బిగపట్టకుండా నెమ్మదిగా వదలాలి. రోజూ కొద్దిసేపు చేస్తే, అసలు నొప్పుల మధ్య విరామంలో శరీరం ఆ పాఠాన్ని గుర్తుచేసుకుంటుంది.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులైన గర్భిణులకు నొప్పి ఉపశమనం కోసం ఇటువంటి పద్ధతులను సిఫారసు చేసింది. అదే సంవత్సరం కోక్రేన్ సంస్థ అప్పటివరకు జరిగిన పరిశోధనలను సమీక్షించింది. సడలింపు, యోగ, సంగీతం నొప్పిని కొంత తగ్గించవచ్చునని, కాని సాక్ష్యం బలహీనమని తేల్చింది. వీటివల్ల సిజేరియన్లు తగ్గుతాయని మాత్రం రుజువు కాలేదు.

కాబట్టి ఒక విషయంలో పొరపాటు పడకూడదు. సడలింపు మచ్చను గట్టిపరచదు, చిట్లకుండా ఆపదు. పైభాగంలో నిలువుకోత పడినవారూ, ఒకసారి గర్భాశయం చిట్లినవారూ, మాయ దారికి అడ్డంగా ఉన్నవారూ ఎంత అభ్యాసం చేసినా సహజ కాన్పుకు పూనుకోరాదు. మిగిలినవారు కూడా ఆపరేషన్ గది, మత్తుమందు వైద్యులు, రక్తనిధి అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే ప్రయత్నించాలి. మచ్చకు ముప్పు వస్తే తరచుగా మొదట తెలిసేది బిడ్డ గుండె చప్పుడులో మార్పు ద్వారానే. దానిని కనిపెట్టి చూసే మనిషి పక్కన ఉండాలి.

కాగితం, మాట

అలా కనిపెట్టి ఉండే మనుషులను తయారుచేసే ప్రయత్నం తెలంగాణలో మొదలైంది. 2017లో ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్‌ల సహకారంతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను కరీంనగర్‌లో ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో దేశమంతటికీ ఇటువంటి మార్గదర్శకాలు విడుదల చేసింది. మంత్రసాని పాత ఓర్పుకు శాస్త్రశిక్షణను జోడించడమే ఇందులోని ఆలోచన.

సూరత్‌కు తిరిగి వెళ్లే ఇల్లాలికి రెండు వస్తువులు అవసరం. ఒకటి కాగితం: ఆపరేషన్ ఎందుకు చేశారు, గర్భాశయంపై కోత ఎక్కడ, ఎలా పెట్టారు అని రాసి ఉన్న డిశ్చార్జి పత్రం. పొట్ట మీది మచ్చను చూసి లోపలి కోత ఎటువంటిదో చెప్పలేము. బయట అడ్డంగా కనిపించినా లోపల నిలువుగా ఉండవచ్చు. ఆ పత్రం లేనిదే అక్కడి వైద్యురాలు నిర్ణయానికి రావడం కష్టం. రెండవది మాట: "ఊపిరి వదులు, భుజాలు వదులు" అని నొప్పులమధ్య చెప్పే మాట ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ప్రసవగదిలో తోడుగా తల్లినో, అత్తనో, చెల్లెలినో ఉంచుకోనివ్వాలని అంటున్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పరాయిభాష నడుమ కాన్పయ్యే స్త్రీకి ఆ తోడు మరీ ముఖ్యం.

క్రేగిన్ సూత్రంలోని రెండవ సగాన్ని వైద్యశాస్త్రం సవరించింది. మొదటి సగం మాత్రం నేటికీ నిజమే. అవసరం లేని తొలి కోతను ఆపితే, రెండో కాన్పు నాటి ఈ ప్రశ్నలేవీ ఆ ఇల్లాలికి ఎదురుకావు. నూటికి 60 మందికి కోత పడుతున్న రాష్ట్రంలో చదువుకుంటున్నవారు ముందుగా ఆలోచించవలసింది ఆ సంగతినే.